ఊనోదరియు, ఇంటి జమాఖర్చును

శ్రావకుని పన్నెండు వ్రతములలో అయిదవది పరిగ్రహ పరిమాణము. ఉమాస్వాతి ఆచార్యుడు తత్త్వార్థ సూత్రము ఏడవ అధ్యాయమున ఈ వ్రతమునకు కలుగు అతిచారములను జంటలుగా చెప్పెను: పొలమును ఇల్లును, వెండియు బంగారమును, ధనమును ధాన్యమును. ఇచ్చట ధనమనగా పశుసంపద యని వ్యాఖ్యాతలు చెప్పుదురు. ఏమైనను ఇంటి సొత్తుతో పాటు ఇంటి తిండిగింజయు ఒకే వ్రతము క్రిందికి వచ్చుట గమనింపదగినది. పెట్టెకు హద్దు వేసికొనుటయు, కంచమునకు హద్దు వేసికొనుటయు వేర్వేరు విద్యలు కావు.

అన్నము, రొట్టె తగ్గించి బరువు దించుకొను పథ్యమును గూర్చి నేడు ఇంటింట వినవచ్చుచున్నది. ఇంటి ఖర్చు పెరుగకుండ, ఆచారమునకు భంగము రాకుండ జైన గృహస్థుడు దీనిని ఎట్లు జరుపుకొనవచ్చునో విచారింతురు గాక.

వల్లూరు నేర్పు పాఠము

తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో వల్లూరు ఒక మెట్ట గ్రామము. ఆ తాలూకా కర్ణాటకములోనిదైనను చుట్టును చాలవరకు ఆంధ్రదేశమే. తెలుగు మాట అచ్చట ఇంటిమాట. రాగి, వేరుశెనగ, కంది ఆ నేలకు అలవాటైన పంటలు. కరువును అలవాటే. వల్లూరు, తిరుమణి, బాలసముద్రము, క్యాతగానచెర్లు, రాయచెర్లు అను అయిదు గ్రామముల పరిధిలో సుమారు 13,000 ఎకరములలో సూర్యరశ్మి విద్యుత్కేంద్రము నెలకొల్పబడినది. 2018 మార్చి 1వ తేదీన ప్రారంభోత్సవము జరిగినది. 2019 చివరకు 2,050 మెగావాట్ల పూర్తి శక్తి చేకూరినది. రైతులు భూమిని అమ్మలేదు. 28 ఏండ్ల కౌలుకిచ్చిరి. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు. రెండేండ్లకొకసారి నూటికి అయిదు పెరుగుదల. అయిదెకరముల ఆసామికి మొదటి యేట 1,05,000 రూపాయలు, అనగా నెలకు 8,750. భూమిలేని కూలివానికి మాత్రము ఈ కౌలులో పాలు లేదు.

పొలమంతయు కౌలుకిచ్చిన ఇంటిని తలపోసి చూచిన, అందు మూడు మార్పులు ఒక్కసారిగా కనబడును. దుక్కి, కలుపు, కోత పనులు పోయి ఒంటికి శ్రమ తగ్గును. పొలమునుండి వచ్చుచుండిన కందులు, వేరుశెనగకాయలు ఇకమీద అంగడిలో కొనవలసి వచ్చును. చేతికి వచ్చు రొక్కము పంటవలె కష్టపెట్టి రాదు గనుక చులకనగా ఖర్చగును. మరి బియ్యమో, 2013 జూలైలో మొదలైన అన్నభాగ్య పథకము వలన పేద కుటుంబములకు చౌకగనో ఉచితముగనో దొరకుచున్నది. బియ్యము చౌక, పప్పు ప్రియము: కంచము ఏ వైపు మొగ్గునో వేరుగా చెప్పనక్కరలేదు.

వల్లూరు రైతునకు ఈ స్థితి క్రొత్తది. దుకాణముపై ఉదయము మొదలు దీపముల వేళవరకు కూర్చుండు వర్తకునకు ఇది తరతరముల స్థితి. ఒంటికి శ్రమ లేదు. చేతిలో రొక్కము ఆడుచుండును. ప్రక్కనే మిఠాయి అంగడి. కావున ఆ రైతు సమస్యయు ఈ సేఠు సమస్యయు ఒక్కటే.

పథ్యపు లెక్క

పిండిపదార్థములు తగ్గించు పద్ధతి క్రొత్తది కాదు. లండను నగరమున అంత్యక్రియల సామగ్రి సమకూర్చు వ్యాపారి విలియం బాంటింగ్ 1863లో ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. రొట్టె, చక్కెర, బీరు, బంగాళాదుంప మాని ఏడాదిలో 46 పౌనుల బరువు తగ్గినట్లు అతడు చెప్పుకొనెను. అయితే అతని భోజనము మాంసముపై ఆధారపడినది. జైనునకు అది దారి కాదు. 2018లో ప్రకటింపబడిన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధనలో 609 మంది పాల్గొనిరి. పిండిపదార్థములు తగ్గించినవారు ఏడాదిలో సగటున 6 కిలోలు, క్రొవ్వు తగ్గించినవారు 5.3 కిలోలు బరువు తగ్గిరి. ఈ భేదము లెక్కింపదగినది కాదని పరిశోధకులే చెప్పిరి. పద్ధతి ఏదైనను, నిలిచి ఆచరించుటయే ఫలమిచ్చునది.

జైన వంటయింటిలో కందమూలములు ముందే వర్జ్యములు. బంగాళాదుంప, గెనుసుగడ్డ లేని కంచమునుండి పిండి కొంత తొలగినట్లే. మిగిలినది బియ్యము, గోధుమ, చక్కెర. అన్నమునకు బదులు రాగిముద్ద తిన్న చాలునని కొందరు తలతురు. రాగిలో పీచు, సున్నము అధికమే గాని, తూకమునకు తూకము పిండి బియ్యమునకు ఎక్కువ తీసిపోదు. ముద్ద పరిమాణము తగ్గినప్పుడే ప్రయోజనము.

తగ్గించిన ధాన్యము చోట మాంసకృత్తులుండవలెను. పేరులో మాంసమున్నదని శంకింప బనిలేదు. పప్పులోను పాలలోను ఉన్నవియు అవియే. పెసలలో నూటికి 24 పాళ్ళు, వేరుశెనగలో 25 పాళ్ళు, పన్నీరులో సుమారు 18 పాళ్ళు కలవు. వేరుశెనగ భూమిలో కాచినను దుంప కాదు. అయినను ఇంటి ఆచారమును పాటింపవలెను. వైద్యులు మొలకెత్తిన గింజలను చెప్పుదురు. అవి వర్జ్యములైన ఇండ్లలో నానబెట్టి ఉడికించిన పప్పు చాలును. కాచని పాలు, పెరుగులతో పప్పు కలియుట ద్విదళ దోషము. కావున పప్పు ఒక పూట, పెరుగు మరొక పూట అని ఇల్లాలు ముందే ఏర్పరచుకొనవలెను. బీర, సొర, కాకర, దోస, చిక్కుడు కాయలు కంచములో సగము నింపవలెను.

ఒక మెలకువ. అన్నము తగ్గించి ఆ చోటును వేపుడుతో నింపిన బరువు తగ్గదు. గ్రాము పిండి 4 కాలరీలిచ్చిన గ్రాము నూనె 9 ఇచ్చును.

చిట్టాలోని లెక్క

పథ్యమనగానే బాదముపప్పు, విదేశపు పిండ్లు, డబ్బాలలోని పొడులు కొనుటయని తలచువారు కలరు. అట్లయిన బరువు తగ్గకముందే పెట్టె తగ్గును. వర్తకునకు తెలిసిన లెక్కయే ఇచ్చట చాలును: కిలో ధరను అందలి మాంసకృత్తుల పాళ్ళతో భాగింపవలెను. బాదమునకు వేరుశెనగకు మాంసకృత్తులలో పెద్ద భేదము లేదు; ధరలో ఎన్నో రెట్ల భేదమున్నది.

పప్పునకు కావలసిన రొక్కము ఇంటిలోనే దొరకును. దినమునకు నాలుగుమార్లు టీ త్రాగి, ప్రతిమారు రెండు చెంచాల చక్కెర వేసికొనువాడు దినమునకు 40 గ్రాములు, నెలకు 1,200 గ్రాములు, ఏటికి 14 కిలోలకు పైగా చక్కెర తినుచున్నాడు. నలుగురున్న ఇంట ఎంతయో లెక్కించుకొనవచ్చును. దానికి మిఠాయి, బిస్కత్తు, కారపుబూందీ ఖర్చును కలిపి చిట్టాలో ప్రత్యేకముగా ఒక నెల వ్రాసి చూడవలెను. ఆ నెల మొత్తమే పప్పు, పాల ఖర్చునకు ఆధారము. బయటినుండి క్రొత్త రొక్కము తేనక్కరలేదు.

మిగిలిన రొక్కమేమగును? పావగడకు సమీపమున మడకశిర ప్రాంతపు అమరాపురములో 1278 నాటి శాసనము కలదు. తైలంగెరె పార్శ్వదేవుని బసదికి మల్లిసెట్టి అను నతడు 2,000 పోక చెట్లు దానమిచ్చినట్లు అందు చెప్పబడినది. చెట్టు ఏటేట కాయును. దానమును ఏటేట సాగును. కంచమునందు మిగిలినది పెట్టెలో చేరిన లోభమే పెరుగును. పనిలేని కూలివాని ఇంటికి పప్పుగా చేరిన వ్రతము సార్థకమగును.

తపము వేరు, పథ్యము వేరు

తత్త్వార్థ సూత్రము తొమ్మిదవ అధ్యాయమున బాహ్య తపములు ఆరు చెప్పబడినవి. వానిలో రెండవది అవమౌదర్యము. ఊనోదరి యని వాడుక. పురుషుని పూర్ణాహారము 32 ముద్దలని శాస్త్రలెక్క. అంతకు ఒక ముద్ద తగ్గినను ఊనోదరియే. అయితే తపము కర్మ నిర్జరకు, పథ్యము శరీరమునకు. అద్దములో రూపము చూచుకొనుటకై ముద్ద తగ్గించి, తపము చేసితినని చెప్పుకొనుట తగదు. ఆయంబిల్ నాడు నెయ్యి, పాలు, పెరుగు ఉండవు, ధాన్యమే ఆధారము. ఆనాడు పథ్యపు లెక్క ప్రక్కనుంచి తపమునే పాటింపవలెను. ఉపవాసానంతరము పారణనాడు మితిమీరి తినుట రెంటికిని చేటు.

మధుమేహమునకు మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడువారు అన్నము తగ్గించుటకు ముందు, ఉపవాసమునకు ముందు వైద్యుని తప్పక అడుగవలెను. మందు తగ్గింపక తిండి తగ్గించిన రక్తములో చక్కెర పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. మూత్రపిండముల వ్యాధి కలవారు, గర్భిణులు, బాలింతలు స్వంత నిర్ణయమున ఈ పథ్యము చేయరాదు. పెరుగు పిల్లల కంచములో కోత వేయరాదు. 2023లో వెలువడిన అఖిల భారత పరిశోధన ప్రకారము దేశమున మధుమేహులు 10 కోట్లకు పైబడిరి. కావున ఈ హెచ్చరిక ప్రతి ఇంటికిని వర్తించును.

ఆచరణ నియమములు

1. సూర్యాస్తమయమునకు ముందే భోజనము ముగించుట.

2. అన్నమో రొట్టెయో ఒక్కటే, ఒక్కసారే వడ్డించుకొనుట. మారు వడ్డన కూరకు, పప్పునకు మాత్రమే.

3. టీలో చక్కెర నెలకు అర చెంచా చొప్పున తగ్గించుట.

4. మిఠాయి పర్వదినములకే పరిమితము చేయుట.

5. భోజనానంతరము దుకాణపు గద్దెపై వెంటనే కూర్చుండక కొంత దూరము నడచుట.

6. నెలకొకసారి బరువును, తిండి ఖర్చును చిట్టాలో ఒకే పుటలో వ్రాయుట.

మహావీర స్వామి నిర్వాణ దినమగు దీపావళినాడు వర్తక గృహములలో క్రొత్త పుస్తకములు పూజింతురు. ఆ పుస్తకపు మొదటి పుటలో ఈ ఆరింటిలో ఒక్కదానినైనను నియమముగా వ్రాసి, మరుసటి దీపావళికి జమాఖర్చు సరిచూచుకొనవలెను. ఆరును ఒక్కసారి పట్టి నెలకే విడుచువానికంటె, ఒక్కటి పట్టి ఏడాది నిలుపుకొన్నవానిదే లాభము.