జట్టులో చివరి పేరు ఎవరిది? (ఒకే పని వచ్చిన ఆటగాడి విలువ)

ఆటల పోటీల కాలం వచ్చేసరికి మన హాస్టళ్లలో ఒక పట్టిక తయారవుతుంది. కబడ్డీకి 12 పేర్లు, క్రికెట్‌కు 15 పేర్లు. మొదటి ఎనిమిది, తొమ్మిది పేర్లు రాయడానికి పి.డి. సార్‌కు అయిదు నిమిషాలు పట్టదు. గొడవంతా చివరి రెండు మూడు పేర్ల దగ్గరే. అక్కడ దాదాపు ప్రతిసారీ ఒకే రకమైన కుర్రాడు ఆగిపోతాడు. వాడికి ఒక్క పనే వస్తుంది. కీపింగ్ తప్ప మరొకటి రాదు, లేదా కార్నర్‌లో నిలబడి చీలమండ పట్టడం తప్ప కూతకు వెళ్లడం రాదు. వాడి పేరు కొట్టేసి అన్నీ కొద్దికొద్దిగా వచ్చినవాడి పేరు రాస్తారు. "వాడైతే ఎక్కడైనా పనికొస్తాడు" అనే మాటతో చర్చ ముగుస్తుంది.

ఆ మాట ఎప్పుడు నిజం, ఎప్పుడు కాదు అనేదే ఈ వ్యాసం. నేను చదువుతున్నది స్టాటిస్టిక్స్ పి.జి. కాబట్టి కొంచెం లెక్క కూడా వస్తుంది, భయపడకండి. ఇది ఆటల ముచ్చటే అయినా చిన్న విషయం కాదు. ఆ పట్టికలో పేరుంటేనే ప్రయాణం, సర్టిఫికెట్. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేను. ఒక కాగితం మీద పేరు ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఏమిటో మనలాంటి ఇళ్ల పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు.

మన విశాఖపట్నం నుంచే మొదలుపెడదాం. 2005 ఏప్రిల్ 5న మధురవాడ దగ్గరి స్టేడియంలో పాకిస్తాన్‌తో వన్డే జరిగింది. అప్పటికి నాలుగు వన్డేలే ఆడిన మహేంద్ర సింగ్ ధోనీని మూడో స్థానంలో బ్యాటింగ్‌కు పంపారు. 123 బంతుల్లో 148 పరుగులు కొట్టాడు. ఆ రోజు గురించి మన ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ దాని వెనుక ఉన్న సమస్యను ఎవరూ చెప్పుకోరు. అంతకుముందు కొన్నేళ్లపాటు భారత జట్టు వన్డేల్లో అసలు కీపర్‌ను పక్కనపెట్టి రాహుల్ ద్రావిడ్‌తో కీపింగ్ చేయించింది. ద్రావిడ్ గ్లవ్స్ తొడుక్కుంటే ఇంకొక బ్యాట్స్‌మన్‌కు చోటు దొరుకుతుంది. 2003 ప్రపంచ కప్పులో ఫైనల్ దాకా అలాగే వెళ్లారు. జట్టులో ఉన్న అసలు కీపర్ పార్థివ్ పటేల్‌కు ఒక్క మ్యాచ్ కూడా రాలేదు. ధోనీ వచ్చాక రెండు పనులూ ఒకడే చేశాడు. ఆ తర్వాత కీపింగ్ ఒక్కటే బాగా చేసేవాడి మీద అందరి అంచనా మారిపోయింది. "నువ్వు ఎన్ని పరుగులు కొడతావు?" అన్నదే మొదటి ప్రశ్న అయింది.

ధోనీ 148 కొట్టిన నాటికి ఇదే ఊళ్లో 11 ఏళ్ల కుర్రాడొకడు ఉన్నాడు. పేరు కోన శ్రీకర్ భరత్. 2015 ఫిబ్రవరిలో ఒంగోలులో గోవా మీద 308 పరుగులు చేసి, రంజీ ట్రోఫీలో ట్రిపుల్ సెంచరీ కొట్టిన మొదటి వికెట్ కీపర్ అయ్యాడు. అంటే బ్యాటింగ్ రానివాడు కాదు. అయినా దేశపు జట్టు వాకిట్లోకి అతణ్ణి తీసుకెళ్లింది చేతులే. 2021 నవంబరులో కాన్పూరు టెస్టులో సాహాకు మెడ పట్టేస్తే సబ్‌స్టిట్యూట్‌గా కీపింగ్‌కు దిగాడు. తక్కువ ఎత్తులో బంతి వచ్చే ఆ పిచ్ మీద రెండు క్యాచ్‌లు పట్టి, 95 పరుగుల దగ్గర టామ్ లాథమ్‌ను స్టంప్ చేశాడు. 2023 ఫిబ్రవరిలో నాగపూరులో టెస్టు టోపీ అందుకున్నాడు.

ఆ తర్వాతది జాగ్రత్తగా చదవండి. 2024 ఫిబ్రవరిలో ఇంగ్లాండుతో టెస్టు సొంత ఊరు విశాఖలో జరిగింది. భరత్ 17, 6 పరుగులు చేశాడు. తర్వాతి టెస్టుకు రాజ్‌కోటలో అతని స్థానంలో ధ్రువ్ జురెల్ వచ్చాడు. అక్కడ 46, రాంచీలో 90, అవుట్ కాకుండా 39 చేశాడు. మన ఊరివాడికి అన్యాయం జరిగిందని నేను రాస్తే మీకు సంతోషంగానే ఉంటుంది గాని, లెక్క అలా చెప్పదు. జురెల్ వికెట్ల వెనుక కూడా బాగానే చేశాడు. ఒకే పని వచ్చినవాడి విలువ ఆ పనిలో అతనెంత గొప్పవాడు అనే దాని మీద ఆధారపడదు. అతని తర్వాత ఆ పనికి ఉన్నవాడికీ అతనికీ మధ్య ఎంత తేడా ఉంది అనే దాని మీద ఆధారపడుతుంది. తేడా కరిగిపోతే ఎంత మంచి చేతులైనా చోటు నిలబెట్టలేవు.

ఇప్పుడు లెక్క. ఇది కేవలం ఊహ, అంకెలు మీ హాస్టలుకు తగ్గట్టు మార్చుకోండి. పది ఓవర్ల మ్యాచ్‌లు మూడు ఆడాలి. కీపింగ్ తప్ప ఏమీ రాని కుర్రాడు ఒకడు, అన్నీ కొద్దికొద్దిగా వచ్చినవాడు ఒకడు. కీపర్‌ను తీసేసి ఎవరో ఫీల్డర్‌కు గ్లవ్స్ ఇస్తే మ్యాచ్‌కు బై పరుగులు 8 ఎక్కువ పోతాయనుకుందాం. ఒక క్యాచో స్టంపింగో జారిపోయి, బతికిపోయిన బ్యాట్స్‌మన్ ఇంకో 10 చేస్తాడనుకుందాం. మొత్తం 18. కీపర్ బ్యాటింగ్ రాకపోవడం వల్ల మనకు పోయేది 6. నికరంగా మ్యాచ్‌కు 12, మూడు మ్యాచ్‌లకు 36 పరుగులు. రెండో కుర్రాడు కాస్త బ్యాటింగ్, ఒక ఓవరు బౌలింగ్ కలిపి మ్యాచ్‌కు 4 పరుగులు మిగిలిస్తాడనుకుంటే మూడింటికి 12. కనుక మొదటి కీపర్‌ను కొట్టేయడం నష్టం.

మరి రెండో కీపర్? మొదటివాడికి దెబ్బ తగిలితేనే అతని అవసరం. ఆ అవకాశం పదింట ఒకటి అనుకుంటే, 36ను పదితో భాగిస్తే 3.6 పరుగులు. ఆల్‌రౌండర్ ఇచ్చే 12 కంటే చాలా తక్కువ. కాబట్టి చివరి పేరు ఆల్‌రౌండర్‌దే. ఉన్నవాళ్లలో ఒకడికి నెల ముందు నుంచి గ్లవ్స్ అలవాటు చేస్తే సరిపోతుంది. ఒకే పని వచ్చినవాళ్లందరినీ ఒకే గాటన కట్టకూడదని నేననేది ఇందుకే. ఆ పనికి మొదటివాడు జట్టుకు స్తంభం, రెండోవాడు భీమా పాలసీ. పాలసీ ఖరీదు ఎంతో చూసుకుని కొనాలి.

ఈ లెక్కలో పడనిది ఒకటుంది. చేతులు సరిలేని కీపర్ ఉంటే స్పిన్నర్ బంతిని లెగ్ సైడ్ తిప్పడానికి జంకుతాడు. స్కోరు పుస్తకంలో ఈ నష్టం బౌలర్ పేరు మీద పడుతుంది, కీపర్ పేరు మీద కాదు.

ఫుట్‌బాల్ వాళ్లు ఈ విషయంలో మనకంటే ముందున్నారు. 2014 ప్రపంచ కప్పులో 23 మంది జట్టులో ముగ్గురు గోల్‌కీపర్లు ఉండి తీరాలని నిబంధన. ఆ ముగ్గురిలో ఒకడి కథ వినండి. నెదర్లాండ్స్, కోస్టారికా క్వార్టర్ ఫైనల్. అదనపు సమయం అయినా గోల్ లేదు, పెనాల్టీలు తప్పవు. చివరి నిమిషంలో కోచ్ వాన్ హాల్ అంతసేపూ ఆడిన గోల్‌కీపర్ సిలెసెన్‌ను బయటికి పిలిచి, టిమ్ క్రూల్ అనే మరో గోల్‌కీపర్‌ను దింపాడు, పెనాల్టీల కోసమే. క్రూల్ రెండు ఆపాడు, నెదర్లాండ్స్ 4–3తో గెలిచింది. నాలుగు రోజుల తర్వాత అర్జెంటీనాతో సెమీఫైనల్ కూడా పెనాల్టీలకే వెళ్లింది. అప్పటికే మూడు మార్పులూ అయిపోయాయి. క్రూల్ బెంచీ మీదే కూర్చున్నాడు. 4–2తో ఓడిపోయారు. ఒకే పని వచ్చినవాణ్ణి వెంట తీసుకెళ్తే చాలదు, అతణ్ణి దింపడానికి ఒక మార్పు దాచిపెట్టుకోవాలి. ఆ మార్పు ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇక తెలుగువాళ్లందరం మర్చిపోలేని కేసుకు వద్దాం. 2019 ఏప్రిల్ 15న ప్రపంచ కప్పుకు 15 మందిని ప్రకటించారు. ప్రకటించిన సెలక్షన్ కమిటీ అధ్యక్షుడు గుంటూరు జిల్లావాడైన ఎం.ఎస్.కె. ప్రసాద్. పేరు లేనివాడు కూడా గుంటూరువాడే, అంబటి రాయుడు. నాలుగో స్థానానికి బ్యాటింగ్ ఒక్కటే చేసే రాయుడి బదులు బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ అని మూడు కోణాలున్న విజయ్ శంకర్‌ను తీసుకున్నామని ప్రసాద్ చెప్పారు. మర్నాడు రాయుడు, ప్రపంచ కప్పు చూడటానికి త్రీడీ కళ్లద్దాలు ఆర్డరు చేశానని చమత్కరించాడు. ప్రసాద్ స్వయంగా వికెట్ కీపర్, 6 టెస్టులు, 17 వన్డేలు ఆడినవాడు. ఒకే పనికి చోటు దొరకడం ఎంత కష్టమో ఆయనకు తెలియనిది కాదు.

రెండు వైపులా చూద్దాం. రాయుడు వన్డే సగటు 47 పైన. 2019 ఫిబ్రవరిలో వెల్లింగ్టన్‌లో న్యూజిలాండ్ మీద భారత్ 18 పరుగులకు 4 వికెట్లు పోగొట్టుకున్నప్పుడు 90 కొట్టి నిలబెట్టాడు. తమాషా ఏమిటంటే ఆ రోజు అవతలి వైపు 45 పరుగులతో తోడు నిలిచింది విజయ్ శంకరే. మార్చిలో ఆస్ట్రేలియా మీద రాయుడికి పరుగులు రాలేదు, దాంతో తూకం మారింది. ప్రపంచ కప్పులో పాకిస్తాన్ మీద భువనేశ్వర్ కండరం పట్టి ఓవరు మధ్యలో వెళ్లిపోతే, మిగిలిన బంతులు వేయడానికి వచ్చిన విజయ్ శంకర్ మొదటి బంతికే వికెట్ తీశాడు. మూడు కోణాల మాట ఆ క్షణంలో నిజమైంది. కానీ తర్వాత కాలివేలి గాయంతో అతనే ఇంటికి వెళ్లాడు. బదులుగా అప్పటికి ఒక్క వన్డే కూడా ఆడని మయాంక్ అగర్వాల్‌ను పిలిచారు. జూలై 3న రాయుడు రిటైర్మెంట్ ప్రకటించాడు, ఆగస్టులో వెనక్కి తీసుకున్నాడు. జూలై 10న మాంచెస్టర్‌లో అదే న్యూజిలాండ్ మీద సెమీఫైనల్లో భారత్ 24 పరుగులకు 4 వికెట్లు పోగొట్టుకుంది. 18 పరుగుల తేడాతో ఓడింది.

రాయుడు ఉంటే గెలిచేవాళ్లమని నేననను. ఒక్క మ్యాచ్‌తో ఏదీ రుజువు కాదు, మా సబ్జెక్టు మొదటి పాఠమే అది. నా అభ్యంతరం వేరు. నాలుగో స్థానం అవసరం ప్రతి మ్యాచ్‌లోనూ వస్తుంది. ఆరో బౌలర్ అవసరం ఎప్పుడో వస్తుంది. రోజూ వచ్చే పనికి మనిషిని పక్కనపెట్టి, అప్పుడప్పుడు వచ్చే పని కోసం చోటు ఖర్చు చేశారు. మన హాస్టళ్లలో జరిగేదీ ఇదే.

మా నాన్న పోర్టులో కలాసీ. ఆయన దగ్గర విన్న సంగతి ఒకటి. మహాసముద్రాలు దాటి వచ్చిన ఓడ కెప్టెన్ కూడా డాల్ఫిన్స్ నోస్ పక్కనున్న ఇరుకు కాలువ గుండా లోపలి హార్బరులోకి రావాలంటే పోర్టు పైలట్ ఎక్కాల్సిందే. ఆ పైలట్ ఈ ఓడను సింగపూరు తీసుకెళ్లక్కర్లేదు. ఆ కాస్త దూరం చాలు. ఓడ నేల తగిలేది అక్కడే కదా.

కబడ్డీ ఆడే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక పద్ధతి చెబుతాను. పట్టిక రాసే ముందు రోజు కార్నర్ కుర్రాణ్ణి వరుసగా ఇరవై కూతలకు నిలబెట్టండి, వచ్చేది మీలో మంచి కూతగాడై ఉండాలి. ఎన్నిసార్లు పట్టాడో ఒకరు రాయండి. తర్వాత అదే స్థానంలో ఆల్‌రౌండర్‌ను నిలబెట్టి ఇంకో ఇరవై రాయండి. బోనస్ గీత దగ్గర కాలు చాపినప్పుడు పట్టినవి విడిగా గుర్తు పెట్టండి, ఎందుకంటే ఆరుగురో ఏడుగురో లోపల ఉన్నప్పుడే బోనస్ దొరుకుతుంది, కార్నర్ పని అప్పుడే ఎక్కువ. రెండు అంకెల మధ్య ఒకటి రెండు తేడా ఉంటే ఆల్‌రౌండర్‌ను తీసుకోండి. అయిదారు తేడా ఉంటే ఆ కాగితం పట్టుకెళ్లి పి.డి. సార్‌కు చూపించండి. రాసినవాడు కార్నర్ కుర్రాడి గదివాడు కాకుండా చూసుకోండి.