ప్రత్యంతరం

పాఠ్యభాగ ఉద్దేశం: మన రచనలను సొంత బ్లాగులో నిలుపుకోవడం, వాటికి ప్రతులు తీసి భద్రపరచడం, పరుల చేతిలో పాడుకాకుండా కాపాడుకోవడం గురించి విద్యార్థులకు తెలియజేయడం.

పసుపు పండించే రైతు పంటనంతటినీ ఉడకబెట్టడు. ఆర్మూరు వైపు నుండి కామారెడ్డి దిశగా సాగే 44వ జాతీయ రహదారిపై ఉన్న ఇందల్వాయి పరిసరాలలో ఈ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. తవ్వి తీసిన దుంపలలో పుష్టిగా ఉన్నవాటిని ఏరి, విత్తనం కొరకు నీడపట్టున రాశిపోసి, పసుపు ఆకుతో కప్పి ఉంచుతారు. తక్కినది ఉడికి, ఎండి, మెరుగెక్కి, కొమ్ముగానో మండగానో నిజామాబాదు మార్కెట్ యార్డుకు చేరుతుంది. ఎకరానికి సుమారు 8 నుండి 10 క్వింటాళ్ల విత్తనం అవసరం కనుక ఇది చిన్న త్యాగం కాదు. మంచి ధర పలికిన ఏడాది ఆ విత్తనాన్ని కూడా అమ్ముదామన్న ఆశ కలగడం సహజం. అయినా వివేకవంతుడైన రైతు దానిని ముట్టడు.

ఇంత ముందుచూపు గల ఇళ్లలో పుట్టిన పిల్లలే తమ రాతల విషయంలో విత్తనం దాచడం మరచిపోతున్నారు. నాయనమ్మ పాడిన బతుకమ్మ పాటను సెల్‌ఫోనులో రికార్డు చేస్తారు, పసుపు ఉడకబెట్టే నాటి ముచ్చట్లు నాలుగు వాక్యాలుగా రాసి ఏదో ఒక సామాజిక మాధ్యమంలో పెడతారు, పదిమంది మెచ్చుకొంటారు. ఆ పాటకు, ఆ మాటలకు మరొక ప్రతి ఎక్కడ ఉన్నదని అడిగితే సమాధానం ఉండదు. పాడిన మనిషి లేని రోజున ఆ ప్రశ్న మరింత బరువెక్కుతుంది.

ఇందల్వాయికి ఎంతో దూరంలో లేని ఇందూరు ఖిల్లాలో ఈ ప్రశ్న ఒకప్పుడు మహాకవికే ఎదురైంది. నిజాం ప్రభుత్వాన్ని ధిక్కరించినందుకు దాశరథి కృష్ణమాచార్యులు 1947-48 కాలంలో అక్కడి చెరసాలలో ఖైదీగా ఉన్నారు. వట్టికోట ఆళ్వారుస్వామి తోటి ఖైదీ. కాగితం కలం దొరకని ఆ చోట దాశరథి బొగ్గుముక్కతో గోడమీద పద్యాలు రాశారు. అధికారులు వాటిని చెరిపించారనీ, ఆళ్వారుస్వామి వాటిని కంఠస్థం చేసి కాపాడారనీ సాహిత్యలోకంలో చెప్పుకొంటారు. 1949లో వెలువడిన అగ్నిధార కావ్యాన్ని దాశరథి ఆళ్వారుస్వామికే అంకితం ఇచ్చారు. గోడ ప్రభుత్వానిది, చెరిపే అధికారం వారిదే. కవికి మిగిలింది మిత్రుని జ్ఞాపకం. నేడు సామాజిక మాధ్యమాలలో మనం రాసే చోటును కూడా ‘గోడ’ అనే పిలుచుకోవడం వింతగా కుదిరింది. ఆ గోడ కూడా మనది కాదు.

మన ప్రాచీన సాహిత్య చరిత్ర నిండా ఈ కథే. శ్రీనాథుడు చిన్ననాట రచించిన మరుత్తరాట్చరిత్ర నేడు లభించదు. శాలివాహన సప్తశతి సంగతీ అంతే. అంతటి కవిసార్వభౌముని కావ్యాలకే ఆ గతి పట్టింది. పోతన భాగవతంలో కొన్ని భాగాలు శిథిలమయ్యాయని పరంపరగా వస్తున్న మాట. అందుచేతనే నేటి భాగవతంలో పంచమ స్కంధం గంగనది, షష్ఠ స్కంధం సింగనది, ఏకాదశ ద్వాదశ స్కంధాలు నారయవి. అవి పోతన చేతిలో ఎట్లా ఉండేవో ఊహించుకోవలసిందే తప్ప చదివే యోగం మనకు లేదు.

తాళపత్రాల కాలంలో గ్రంథం బ్రతకడానికి ఒకే ఉపాయం ఉండేది: ఆకు శిథిలం కాకముందే మరొక ఆకుమీదికి ఎక్కించడం. అలా పుట్టిన మరొక ప్రతిని ‘ప్రత్యంతరం’ అంటారు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) పండితులను, లేఖకులను నియమించి ఊరూరి నుండి ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. ఒక ప్రతిలో చెదలు తిన్న పాదం మరొక ప్రతిలో దొరికేది. కంప్యూటరు వాడేవారు ‘బ్యాకప్’ అనే దానికి తెలుగుమాట కొత్తగా కల్పించే శ్రమ మనకు అక్కరలేదు; పెద్దలు ఎన్నడో పెట్టి ఉంచారు.

ఇక అసలు విషయానికి వద్దాం. సొంత బ్లాగు అంటే అంతర్జాలంలో మన పేరు మీద ఉన్న ఇల్లు. దానికి మూడు వస్తువులు కావాలి. మొదటిది చిరునామా, దీనిని డొమైన్ పేరు అంటారు. ఏడాదికి సుమారు వేయి రూపాయలు చెల్లించి నమోదు చేసుకోవాలి, గడువు తీరకముందే మళ్లీ చెల్లించాలి. రెండవది స్థలం, అనగా ఎల్లవేళలా మేల్కొని ఉండే సర్వరులో అద్దెకు తీసుకొన్న చోటు. మూడవది రాతలను పేర్చి చూపే సాఫ్ట్‌వేర్. 2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్ ఇందులో ప్రసిద్ధమైనది, ఉచితంగా లభిస్తుంది. 1998లో ప్రారంభమైన ‘ఈమాట’ పత్రికను స్వచ్ఛంద సంపాదకులు తమ సొంత చిరునామాలోనే నడుపుతూ వచ్చారు. తొలినాటి సంచికలను కూడా తరువాత యూనికోడ్‌లోకి మార్చుకొన్నారు కనుక అవి నేటికీ చదువుకోవడానికి వీలుగా ఉన్నాయి.

ఉచితంగా ఇచ్చిన చోట రాసుకోరాదా అని విద్యార్థులు అడుగుతారు. రాసుకోవచ్చు; కాని యజమాని నిర్ణయానికి లోబడి. లక్షలాది ప్రజలు సొంత పుటలు కట్టుకొన్న జియోసిటీస్‌ను యాహూ సంస్థ 2009లో మూసివేసింది. అదే సంస్థ నడిపిన యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో మూతబడ్డాయి. వాటిలోని పాత సందేశాలు అంతకు ఏడాది ముందే తొలగింపునకు గురయ్యాయి. తెలుగు ఛందస్సు గురించి, పదాల పుట్టుక గురించి వాదోపవాదాలు సాగిన ‘రచ్చబండ’ కూడా ఆ గ్రూపులలో ఒకటి. ముందుగా ప్రతి తీసుకొన్నవారి దగ్గర మాత్రమే అటువంటివి మిగులుతాయి.

సొంత ఇల్లు కట్టుకొన్నంత మాత్రాన నిశ్చింతగా నిద్రపోయే వీలు కూడా లేదు. అద్దె స్థలంలో ప్రతి తీసే బాధ్యత చాలావరకు మనదే. ఇక్కడ ఒక తికమక ఉన్నది. బ్లాగు ఒకే ముద్దగా కనిపించినా లోపల రెండు అరలుగా ఉంటుంది. వ్యాసాలు, వ్యాఖ్యలు, తేదీలు డేటాబేస్‌లో ఉంటాయి. ఛాయాచిత్రాలు, పాటల ధ్వనిముద్రణలు, పుట అలంకరణ విడి ఫైళ్లుగా మరొక చోట ఉంటాయి. వర్డ్‌ప్రెస్‌లోని ఎగుమతి సదుపాయం నొక్కితే వచ్చే ఫైలులో రాతలు ఉంటాయి. బొమ్మలు ఉండవు, వాటి చిరునామాలు మాత్రమే ఉంటాయి. పాత సర్వరు పోయినప్పుడు ఆ చిరునామాలు పాడుబడిన ఇంటి నంబర్ల వంటివి. కనుక డేటాబేస్‌ను, ఫైళ్లను రెండింటినీ దింపుకోవాలి.

తెలుగులో రాసేవారికి ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉన్నది. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతం మూడు బైట్లు ఆక్రమిస్తుంది. ఆంగ్ల అక్షరానికి ఒక్కటి చాలు. ప్రతి తీసేటప్పుడు గాని తిరిగి ఎక్కించేటప్పుడు గాని ఈ పద్ధతి తప్పితే రెండు విధాల అనర్థం కలుగుతుంది. అక్షరాలు అర్థంకాని గుర్తులుగా మారితే, తెలిసినవారు వాటిని చాలాసార్లు సరిచేయగలరు. వరుసగా ప్రశ్నార్థకాలుగా మారితే మాత్రం ఆ ప్రతిలో తెలుగు లేనట్లే. ఎవరూ తిరిగి తేలేరు. అందుకే దింపుకొన్న ఫైలును ఒకసారి తెరిచి, తెలుగు తెలుగుగానే ఉన్నదా అని చూడడం అవసరం. ఇంతకూ రాతల బరువు చాలా స్వల్పం. వేయి పదాల తెలుగు వ్యాసాలు నూరు కలిపినా నేటి సెల్‌ఫోను తీసే ఒక్క ఫోటోకు ఎక్కువ మించవు. స్థలం చాలదన్న సాకు రాతల విషయంలో చెల్లదు.

ప్రతిని ఎక్కడ ఉంచాలి? సర్వరులోనే పక్క ఫోల్డరులో ఉంచేవారు చాలామంది. ఇది విత్తనాన్ని, అమ్మకపు పసుపును ఒకే కొట్టంలో పోయడమే. 2021 మార్చి 10న ఫ్రాన్సు దేశంలోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఓవీహెచ్ సంస్థ సర్వరుల భవనం ఒకటి పూర్తిగా దగ్ధమైంది. ప్రాణనష్టం లేదు, కాని అక్కడే మూలాన్ని, అక్కడే ప్రతిని ఉంచుకొన్నవారు రెండింటినీ పోగొట్టుకొన్నారు. అనుభవజ్ఞులు చెప్పే లెక్క సులభమైనది: మూలంతో కలిపి మూడు ప్రతులు, రెండు వేరువేరు సాధనాల మీద, వాటిలో ఒకటి వేరే ఊరిలో. సర్వరులో మూలం, ఇంట్లో హార్డ్ డిస్కు, హైదరాబాదులో చదువుకొంటున్న అన్నయ్య దగ్గర ఒక పెన్‌డ్రైవ్. దీనికి ధనం కంటె క్రమశిక్షణ ఎక్కువ కావాలి. నెలకొకసారి, లేదా కొత్త వ్యాసం రాసిన ప్రతిసారీ తీయాలి. మనిషి మరచిపోతాడు కనుక నిర్ణీత వేళకు దానంతటదే ప్రతి తీసే ఏర్పాటు చేసుకోవడం ఉత్తమం. పాత ప్రతిమీద కొత్తది రాసి చెరపకుండా నాలుగైదు విడతలు ఉంచుకోవాలి. ఎప్పుడో పాడైన సంగతి మనకు ఆలస్యంగా తెలియవచ్చు.

ఇంత చేసినా ఒక పరీక్ష మిగిలే ఉంటుంది. ఉడికిన కొమ్ము చూడడానికి పసుపే, తూకానికి పసుపే. నాటితే మాత్రం మొలవదు. తిరిగి ప్రాణం పోసుకోలేని ప్రతి కూడా అటువంటిదే. గిట్‌ల్యాబ్ అనే సంస్థలో 2017 జనవరి 31న ఒక ఉద్యోగి పొరపాటున అసలు డేటాబేస్‌ను తొలగించాడు. ప్రతులు తీసే పద్ధతులు ఒకటి కాదు, అయిదు ఉన్నాయనుకొన్నారు. తీరా చూస్తే ఏదీ సక్రమంగా పనిచేయలేదు. పరీక్ష కొరకు యాదృచ్ఛికంగా ఆరు గంటల ముందు తీసిన ప్రతి ఒకటి ఉండబట్టి తక్కినది దక్కింది. ఆ ఆరు గంటల సమాచారం పోయింది. కంప్యూటరు విద్యలో ఆరితేరినవారి పరిస్థితి అది. కనుక ఏడాదికి ఒకటి రెండుసార్లయినా మన ప్రతిని వేరొక కంప్యూటరులో నెలకొల్పి, బ్లాగు తెరుచుకొంటున్నదో లేదో, బొమ్మలు కనిపిస్తున్నవో లేదో చూడాలి. ఈ పని విసుగు పుట్టిస్తుంది. నా దృష్టిలో అన్ని పనులలో ముఖ్యమైనది మాత్రం ఇదే.

దొంగల సంగతి కొంత చెప్పాలి. మా బోటివారి బ్లాగులో దోచుకోవడానికి ఏమున్నదని కొందరంటారు. దొంగ మన వ్యాసం చదవడానికి రాడు. తాళం లేని తలుపుల కొరకు యంత్రాలే రాత్రింబవళ్లు వెదకుతుంటాయి. దొరికిన ఇంటిని మోసపు ప్రకటనలకు వాడుకొంటాయి. వర్డ్‌ప్రెస్‌లోని ఒక లోపాన్ని సవరించిన 4.7.2 సంచిక 2017 జనవరి 26న వెలువడింది. దానిని వెంటనే ఎక్కించుకోనివారి పుటలు లక్షల సంఖ్యలో కొద్ది రోజులలోనే వికృతమయ్యాయి. కాబట్టి సాఫ్ట్‌వేర్‌ను, దానికి తగిలించే ప్లగిన్‌లను ఎప్పటికప్పుడు నవీకరించాలి. వాడని ప్లగిన్‌ను ఉంచరాదు. పాస్‌వర్డ్ పొడవుగా ఉండాలి, మరెక్కడా వాడనిదై ఉండాలి, దానికి తోడు ఫోనుకు వచ్చే రెండవ సంకేతం కూడా అడిగేటట్లు అమర్చుకోవాలి. చిరునామా ముందు హెచ్‌టీటీపీఎస్ ఉండేటట్లు చూసుకోవాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 నుండి దీనికి కావలసిన ధ్రువపత్రాన్ని ఉచితంగా ఇస్తున్నది. బ్యాకప్ ఫైలును అందరికీ తెరిచి ఉన్న ఫోల్డరులో మరచిపోవడం మరొక ప్రమాదం. అందులో డేటాబేస్ తాళపు చెవి కూడా ఉంటుంది.

డొమైన్ పేరు ఎవరి పేర నమోదైనదో తప్పక చూసుకోవాలి. సైటు చేసి ఇచ్చిన మిత్రుని పేర ఉంటే, అతడు ఊరు మారిన రోజున మన ఇంటి పట్టా అతనితోనే పోతుంది.

అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలోని అరలో భద్రపరచారు. చెదలు తినలేదు, తడికి కరగలేదు. కాని ఆ అర సంగతి లోకం మరచిపోయింది. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో అవి వెలుగు చూసేవరకు ఆ పాటలలో అధిక భాగం పాడేవారు లేక మూగగా పడి ఉన్నాయి. అందుచేత పెన్‌డ్రైవ్ ఏ పెట్టెలో ఉన్నదో, సర్వరు అద్దె ఏ నెలలో కట్టాలో, పాస్‌వర్డ్‌లు ఏ కవరులో ఉన్నవో ఒక కాగితం మీద రాసి, ఇంట్లో నమ్మదగినవారికి చెప్పి ఉంచాలి. ఆ కాగితాన్ని పొలం పాసుపుస్తకంతో పాటు దాచవచ్చు.

శబ్దార్థాలు

ప్రత్యంతరం = మరొక ప్రతి; లేఖకుడు = చూచి ప్రతి రాసేవాడు; శిథిలం = జీర్ణించినది; మండ = పసుపు తల్లిదుంప; నవీకరించు = కొత్తగా చేయు; ధ్రువపత్రం = నిర్ధారించే పత్రం.

సంధి: ప్రత్యంతరం = ప్రతి + అంతరం – యణాదేశ సంధి; వాదోపవాదాలు = వాద + ఉపవాదాలు – గుణసంధి.

ప్రశ్నలు

1. ఇందూరు ఖిల్లా గోడకు, సామాజిక మాధ్యమపు గోడకు గల పోలికను వివరించండి.

2. ఉడికిన పసుపు కొమ్మును రచయిత ఏ సందర్భంలో ప్రస్తావించారు? ఎందుకు?

3. మీ ఇంటి పెద్దలు పాడే పాటను గాని, చెప్పే వృత్తిపదాలను గాని సేకరించి, మూడు ప్రతులను ఎక్కడెక్కడ ఉంచుతారో రాయండి.