వేడి కూలెంట్‌కు ఎంత ట్యాంకు పెట్టాలి? తరచూ అడిగే ప్రశ్నలు

చాపాడు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల మిల్లులు, జనరేటర్లు నడిపేవాళ్ల కోసం.

ఎక్స్‌పాన్షన్ ట్యాంకు ఇన్ని లీటర్లు ఉండాలని చట్టంలో ఉందా సార్?

లేదు. చట్టం లీటర్లు చెప్పదు, బాధ్యత ఎవరిదో చెబుతుంది. పీడనంతో నడిచే యంత్రంలో సురక్షిత పీడనం దాటకుండా చూడాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం 31వ సెక్షన్. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలోకి 2020 నాటి వృత్తి భద్రత కోడ్ వచ్చింది. కరెంటుతో నడిచేచోట 20 మంది ఉంటేనే ఇప్పుడు ఫ్యాక్టరీ. అలాగని 12 మందితో నడిపే మిల్లు తప్పించుకోలేదు. 10 మంది పనిచేసే సంస్థ యజమానికీ భద్రత బాధ్యత ఉంది.

మరి లెక్క ఎట్లా కట్టాల?

లైన్లో 200 లీటర్ల నీళ్లున్నాయనుకోండి. 30 డిగ్రీల నుంచి 95కు వేడెక్కితే సుమారు మూడున్నర శాతం, అంటే 7 లీటర్లు పెరుగుతాయి. గ్లైకాల్ కలిపితే ఇంకాస్త ఎక్కువ. ఇక్కడే చాలామంది 8 లీటర్ల మూసిన ట్యాంకు కొనేస్తారు. అందులోకి 7 లీటర్లు తోసుకొస్తే గాలికి మిగిలేది ఒక్క లీటరు. పీడనం ఎనిమిది రెట్లవుతుంది, సేఫ్టీ వాల్వ్ ఊరుకోదు.

చల్లగా ఉన్నప్పుడు గేజ్ 1 బార్, గరిష్ఠంగా 2.5 బార్ అనుకుందాం. వాతావరణ పీడనం కలిపితే 2, 3.5. తేడా 1.5ను 3.5తో భాగిస్తే 0.43. ఏడును దాంతో భాగిస్తే 16 దాటుతుంది. 20 లీటర్ల ట్యాంకు తీసుకోండి. లెక్క మే నెల ఎండతో కాదు, డిసెంబరు తెల్లవారుజాము చలితో మొదలుపెట్టాలి.

నూనెతో నడిచే థర్మిక్ ఫ్లూయిడ్ హీటరుకూ ఇంతేనా?

కాదు. నూనె చాలా ఎక్కువ పొంగుతుంది, వంద డిగ్రీలకు 7, 8 శాతం దాకా. 1000 లీటర్లు 30 నుంచి 250కి పోతే దాదాపు 175 లీటర్లు. చల్లగా ఉన్నప్పుడు ట్యాంకు పావు వంతు, వేడిలో ముక్కాలు వంతు నిండాలన్నది వాడుక. కాబట్టి 350 లీటర్లకు తగ్గకూడదు. కచ్చితమైన అంకె నూనె కంపెనీ ఇచ్చే పట్టికలో ఉంటుంది.

కూలెంట్ ట్యాంకుకు బాయిలర్ రిజిస్ట్రేషన్ కావాలా?

ఆవిరి పుట్టించని కూలెంట్ ట్యాంకు బాయిలర్ కాదు.

అమ్మినవాడు లెక్క ఇవ్వనంటే?

యంత్రం సురక్షితంగా ఉండేలా చూడటం, వాడకానికి కావాల్సిన సమాచారం ఇవ్వడం తయారీదారు, సరఫరాదారుల బాధ్యతేనని కోడ్‌లోని 8వ సెక్షన్ చెబుతోంది. ఆర్డరులోనే రాయించుకోండి: మొత్తం లీటర్లు, కనిష్ఠ, గరిష్ఠ వేడి, సేఫ్టీ వాల్వ్ తెరుచుకునే పీడనం. బిల్లు చెల్లించాక అడిగితే ఎవరూ పలకరు.

నేను ఆపరేటర్ని. ఓవర్‌ఫ్లో పైపు కింద రోజూ తుప్పు మరక పడతాంది. అడిగితే యజమాని కసురుకుంటాడు.

ఆ మరక ట్యాంకు చాలడం లేదనో, వాల్వ్ కారుతోందనో చెబుతోంది. భద్రత సమాచారం అడిగే హక్కు మీకు కోడ్‌లోని 14వ సెక్షన్ ఇచ్చింది. ప్రాణాపాయం దగ్గర్లో ఉందనిపిస్తే యజమానికీ, అదే సమయంలో ఇన్‌స్పెక్టరుకూ తెలపవచ్చు. వేడిగా ఉండగా మూత మాత్రం తిప్పకండి. పీడనం తగ్గిన మరుక్షణం నీళ్లు ఆవిరై మొహాన కొడతాయి. గేజ్ అంకె, తేదీ, టైము కాగితం మీద రాసివ్వండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి.