టర్బో ఇంజను: కాలి త్రొక్కుడును గాలి యొత్తిడియు

విద్యార్థులారా, పెనుకొండ చెంత ఎర్రమంచి యొద్దనున్న కియా కర్మాగారమునుండి 2019వ సంవత్సరమున సెల్టోస్ అను కారు వెలువడెను. అందొక రకమునకు 1.4 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజనును, చేతితో మార్చు ఆరు గేర్లును ఉండెను. దాని శక్తి 140 అశ్వబలములు. త్రిప్పుబలము 242 న్యూటను మీటర్లు. ఈ త్రిప్పుబలము నిమిషమునకు 1500 చుట్లు మొదలు 3200 చుట్ల వరకు తగ్గక లభించెడిది. టర్బో లేనిచో అంత చిన్న ఇంజనున కింత బలము రాదు.

కమ్మరి తిత్తితో నూదినకొలది కొలిమిలోని బొగ్గు హెచ్చుగా మండుట మీరెరుగుదురు. ఇంజనును అట్టిదే. గాలి నెంత హెచ్చుగా చొప్పించిన అంత హెచ్చుగా పెట్రోలును కాల్పవచ్చును. టర్బోలో ఒకే ఇరుసునకు రెండు చక్రములుండును. ఇంజను విడుచు పొగ మొదటిదానిని త్రిప్పును. రెండవది బయటిగాలి నదిమి లోనికి త్రోయును. ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లకు మించియు తిరుగును. స్విట్జర్లాండు దేశీయుడగు ఆల్ఫ్రెడ్ బ్యూకి యను ఇంజనీరు 1905లో దీనికి పేటెంటు పొందెను.

చిక్కేమనగా, పొగ హెచ్చినగాని చక్రము వేగము పుంజుకొనదు. చక్రము వేగము పుంజుకొనినగాని గాలి హెచ్చదు. కావున త్రొక్కిన పిమ్మట బలము వచ్చుటకు కొంత వ్యవధి పట్టును. గేరు మార్చుటకై కాలెత్తినప్పుడు గాలిద్వారము మూసికొని, పొగ తగ్గి, చక్రము మందగించును. మూసిన ద్వారమునకు తగిలి వెనుదిరుగు గాలిని విడుచుటకొక చిన్న కవాటము కలదు. కుర్రవాండ్రు ముచ్చటపడు 'ఉస్సు'మను చప్పుడు దానిదే!

ఒత్తిడి హద్దు మీరకుండుటకు వేస్ట్‌గేటను వేరొక తలుపుండును. స్ప్రింగు దానిని మూసియుంచును. ఒత్తిడి హెచ్చినప్పుడు ఆ గాలియే యొక పొరను నెట్టి, స్ప్రింగును గెలిచి, తలుపు తెరచును. అప్పుడు పొగ చక్రమును తాకక ప్రక్కదారిన పోవును. పొరకు చేరు గాలిలో కొంత దారిలోనే జారవిడిచినచో తలుపు ఆలస్యముగా తెరచుకొనును, ఒత్తిడియు పెరుగును. ఎంత జారవిడువవలెనో కారులోని కంప్యూటరు నిర్ణయించును.

ట్యూనింగు చేయువారు మార్చునది ఈ లెక్కనే. కొందరు పెడలు లెక్కను మాత్రము మార్చుదురు: పావువంతు త్రొక్కినంతనే ద్వారము సగము తెరచుకొనును. కారు చురుకైనట్లు తోచును గాని పూర్తిగా త్రొక్కినప్పటి బలము గోరంతయు హెచ్చదు. దీనికి సొమ్ము పోయువారిని చూచిన నాకు నవ్వు వచ్చును. ఒత్తిడినే హెచ్చించిన బలము నిజముగా పెరుగును, వేడియు పెరుగును. అప్పుడు మంట చేరకమునుపే మిశ్రమము తనంత పేలవచ్చును. ఆ దెబ్బ పిస్టనుపై పడును. పాత బలమునకు తగినట్లు చేసిన క్లచ్చియు జారును.

మన బడిలో చదివిన యొకడు, తండ్రి అప్పుచేసి కొనియిచ్చిన కారునకు ఇట్లే చేయించెను. ఎత్తుదారిని ఐదవ గేరుననే, ఇంజను మందముగా తిరుగుచుండగా, పూర్తిగా త్రొక్కెడివాడు. గులకరాళ్లు దొర్లినట్లు చప్పుడు వినబడగా పెట్రోలు కల్తీయని బంకువారితో వాదులాడెనట! నన్నడిగియుండినచో, ముందు మూడవ గేరునకు దింపి, పిమ్మట ఒత్తిడిని పూర్వపు లెక్కకు తెమ్మని చెప్పియుందును. అడుగలేదు. విప్పి తెచ్చిన పిస్టను ఇప్పుడు మన సైన్సుగది బల్లపై నున్నది. అంచు విరిగినచోట వ్రేలితో తాకి చూడవచ్చును.