మోయగలిగిన పడవే మన పడవ

ఆస్టిన్, టెక్సస్

బుజ్జీ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. పన్నెండున్నర అడుగుల కయాక్, కాళ్లతో తొక్కే పెడల్, సింహాసనం లాంటి కుర్చీ, గాలాలు నిలబెట్టడానికి వెనక నాలుగు గొట్టాలు. ధర తగ్గించారట, ఆదివారంలోగా తేల్చాలట. నీ మెసేజ్ వెనకే, డల్లాస్‌లో నువ్వు పడవ కొనబోతున్నావని తెలిసి మీ అమ్మ ఫోన్ చేసింది: "తమ్ముడూ, దాని చేత పడవ కొనిపించావంటే ఊరుకోను." మీ ఇద్దరికీ ఒకటే జవాబు. పడవ కొనుక్కో. ఆ పడవ మాత్రం వద్దు.

ఎందుకో చెప్పే ముందు ఒక లెక్క. ఇక్కడి ఇండియన్ కొట్లలో మనం కొనే సోనామసూరి సంచి ఇరవై పౌండ్లు. ఆ ఫొటోలోని లాంటి పెడల్ కయాకులు అన్నీ బిగించాక తరచు వంద పౌండ్లు దాటుతాయి. అంటే అయిదు సంచుల బియ్యం, పైగా పన్నెండున్నర అడుగుల పొడవున పరుచుకుని, పట్టుకోవడానికి సరైన చోటు లేకుండా. నువ్వుండేది రెండో అంతస్తు, నీది చిన్న సెడాన్, పొద్దున్నే అయిదింటికి నీతో లేచి వచ్చేవాళ్లు లేరు. ఇప్పుడు చెప్పు, ఆ అయిదు సంచుల్ని కారు నెత్తికి ఎక్కించేదెవరు?

ఈ తప్పు నేను చేసి నేర్చుకున్నదే. నా మొదటి కయాక్ పదమూడు అడుగులది, సెకండ్ హ్యాండ్. కొట్టు ముందు పచ్చికలో పెట్టి కూర్చోబెడితే మహారాజులా అనిపించింది. ఇంటికొచ్చాక తెలిసింది, పక్కింటాయన ఖాళీగా ఉన్న రోజే నాకు చేపల రోజు అని. ఏడాదిలో నాలుగుసార్లు నీళ్లు చూసింది ఆ పడవ. తర్వాత కొన్నది పదడుగులది, యాభై రెండు పౌండ్లు. అందం తక్కువే, కానీ వారం వారం వెళ్లాను. పడవను చెరువు దగ్గర కాదు, కారు దగ్గర ఎంచుకోవాలి బుజ్జీ. ఈ ఉత్తరంలో మిగతాదంతా ఆ ఒక్క మాటకు వివరణ.

ఇక రకాల సంగతి. మీ అమ్మా నేనూ పెరిగింది కొల్లేటి ఒడ్డున. అక్కడ తాటిదోనె ఉండేది, తాటిమొద్దును తొలిచి చేసింది. మనిషి దాని కడుపులో కూర్చుంటాడు. నీళ్లు లోపలికి వస్తే తోడుకోవాలి, బోల్తా పడితే ఇంక ఈతే. విశాఖ తీరంలో చూసిన తెప్ప వేరు. దుంగలు పక్కపక్కన కట్టి మనిషి పైన కూర్చుంటాడు. అల మీదికొస్తుంది, దుంగల సందుల్లోంచి దిగిపోతుంది. ముంచడానికి అందులో గుంటే లేదు.

కయాకుల్లోనూ ఈ రెండు జాతులే. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ వేటగాళ్లు సీల్ చర్మం కప్పి చేసుకున్న అసలు కయాక్ దోనె జాతిది. ఒడలు తడవకుండా చలినీటిలో వేటాడటానికి అది సరి. మన టెక్సస్ ఎండలో చేపలు పట్టడానికి తెప్ప జాతిదే కావాలి. దీన్ని సిట్-ఆన్-టాప్ అంటారు. దాని అడుగుదాకా నిలువుగా కన్నాలుంటాయి, పైన పడ్డ నీళ్లు వాటిలోంచి వాటంతట అవే దిగిపోతాయి. బోల్తా పడినా తిప్పుకుని మళ్లీ ఎక్కవచ్చు. చేప ఒళ్లో పడి కొట్టుకుంటున్నప్పుడు కాళ్లు ఇరుక్కోవు.

గోదావరి వైపు రెండు దోనెల్ని జోడించి కట్టినదాన్ని సంగడి అంటారు. ఒంటిదోనె ఒరిగే చోట సంగడి నిలబడుతుంది, కారణం వెడల్పు. కయాక్ కూడా అంతే. ముప్పై అంగుళాలకు తక్కువైతే కొత్తవాళ్లకు ఊగుతుంది. ముప్పై ఆరు దాటితే బల్లలా నిలుస్తుంది, కానీ తెడ్డు వెయ్యలేక చెయ్యి పడిపోతుంది, బరువూ పెరుగుతుంది. పొడవైనది సూటిగా, వేగంగా పోతుంది. పొట్టిది చెట్ల మోడుల మధ్య సులువుగా తిరుగుతుంది. టెక్సస్‌లో పెద్ద లేక్‌లన్నీ దాదాపు ఆనకట్టలు కట్టి నింపినవే, మునిగిన చెట్లు ఎక్కడబడితే అక్కడే. బాస్ చేపలు నక్కేదీ వాటి దగ్గరే.

రెండు బరువుల్ని కలిపెయ్యకు. ఒకటి పడవ మోసే బరువు, రెండోది నువ్వు మోసే బరువు. పడవ మీద మూడొందల పౌండ్లు అని రాసి ఉంటే రెండొందలకు మించనివ్వకు. నీ బరువు, ఐస్ పెట్టె, నీళ్లు, గాలాలు, లంగరు అన్నీ అందులోకే వస్తాయి. అంచుదాకా నింపితే పడవ కుంగుతుంది, కన్నాల్లోంచి నీళ్లు కిందికి పోయే బదులు పైకొస్తాయి.

నీకు నేను చెప్పేది ఇది: పదో, పదిన్నరో అడుగుల పొడవు, ముప్పై నుంచి ముప్పై మూడు అంగుళాల వెడల్పు, అరవై పౌండ్లలోపు, అంటే మూడు సంచులలోపు. పెడల్ వద్దు, తెడ్డు చాలు. కుర్చీ ఎత్తుగా ఉంటే తెడ్డు 240 సెంటీమీటర్లది తీసుకో, పొట్టిదైతే మోకాళ్లకు తగులుతుంది. డబ్బు మిగిల్చేది పడవ మీద, పెట్టేది కుర్చీ మీద, లైఫ్ జాకెట్ మీద. నాలుగు గంటలు కూర్చుంటే నొచ్చేది నడుమే కదా.

సెకండ్ హ్యాండ్ అయితే బోర్లించి చూడు. గీతలకు భయపడకు, ఇవి పాలిథిలిన్ పడవలు, గీతలు పడటం మామూలే. కన్నాల అంచుల్లో, వెనక కొసన నేలకు రాసుకునే చోట పగుళ్లున్నాయేమో వేలితో తడుము. ఎండకు వెలిసి సున్నంలా చేతికి అంటుకుంటే వదిలెయ్. నీ అపార్ట్‌మెంట్‌లో పెట్టుకునే చోటే లేకపోతే గాలి కొట్టే కయాక్ చూడు. మందమైన పీవీసీతో చేసినవి గాలానికి అంత తొందరగా చిరగవు. గాలికి మాత్రం ఎక్కువ కొట్టుకుపోతాయి.

ఇప్పుడు కారు. మాన్యువల్ తీసి కారు పైకప్పు ఎంత బరువు మోస్తుందో చూడు. ఆ అంకెలోంచి అడ్డకడ్డీల బరువు కూడా తీసెయ్యాలి. కడ్డీలు లేకపోతే నురుగు దిమ్మెలు పెట్టి, పట్టీలు తలుపుల్లోంచి తిప్పి కట్టవచ్చు. దగ్గర దూరానికి సరే, హైవే ఎక్కాలంటే కడ్డీలే కావాలి.

ఒక్కదానివే ఎక్కించే పద్ధతి నేర్చుకో. కారు వెనక పడవను పొడవుగా పెట్టు. డిక్కీ మీద, వెనకద్దం అంచున పాత దుప్పటి పరువు. ముందు పడవ ముక్కు మాత్రం ఎత్తి వెనక కడ్డీ మీద ఆనించు. తర్వాత తోక దగ్గరికి వచ్చి ఎత్తి ముందుకు తొయ్యి. ఒకసారికి నువ్వు మోసేది సగం బరువే. దించేటప్పుడు ఇదే తలకిందులుగా.

కట్టడానికి మామూలు క్యామ్ బకిల్ ఉన్న పట్టీలు వాడు. లారీవాళ్లు వాడే రాచెట్ పట్టీలు వద్దు. వాటి పట్టుకు, మన ఎండకు ప్లాస్టిక్ సొట్టపోతుంది. పట్టీ పడవ మీదుగా వెళ్లి, అడ్డకడ్డీ కిందనుంచి తిరిగి రావాలి. పట్టీకి ఒక మెలిక వేస్తే గాలికి రొద పెట్టదు. ముక్కు నుంచి, తోక నుంచి కూడా కారుకు ఒక్కో తాడు కట్టు. కట్టాక పడవను పట్టుకుని ఊపు. పడవ కాదు, కారు ఊగాలి.

ఈ తాళ్లు దండగనుకున్నాను ఒకప్పుడు. పడవను బట్టలారేసే నైలాన్ తాడుతో నడిమధ్య మాత్రమే కట్టి ఐ-35 హైవే ఎక్కాను. దారిలో వాన. నైలాన్ తడిస్తే సాగుతుందని అప్పటిదాకా తెలియదు. నలభై నిమిషాల తర్వాత అద్దంలోంచి చూస్తే పడవ ముక్కు పక్క లేన్ వైపు తిరిగి ఉంది. షోల్డర్ మీద ఆపి, లారీలు దూసుకుపోతుంటే వణుకుతూ మళ్లీ కట్టాను. అప్పటినుంచి బయల్దేరిన పది మైళ్లకు ఒకసారి ఆపి పట్టీలు తడిమి చూడటం అలవాటైంది. నువ్వూ చేసుకో. పడవ కారు వెనక నాలుగడుగులకు మించి పొడుచుకొస్తే పగలు కనీసం పన్నెండంగుళాల చదరపు ఎర్రగుడ్డ, రాత్రి ఎర్రదీపం పెట్టాలని ఇక్కడి చట్టం.

నీళ్ల దగ్గరికి వచ్చాం. చేపల కంటే ముందు బోల్తా పడటం ప్రాక్టీసు చెయ్యి. నడుములోతు నీళ్లలో కావాలని పడిపో. పడవ తిరగబడితే అవతలి అంచు పట్టి తిప్పుకో, కాళ్లు ఆడిస్తూ పొట్ట మీద పాకి ఎక్కు, ఆ తర్వాతే తిరిగి కూర్చో. అయిదుసార్లు చేశాక భయం పోతుంది. లైఫ్ జాకెట్ పడవలో ఉంటే చాలంటుంది చట్టం పెద్దవాళ్లకు. నీకు మాత్రం ఒంటి మీదే ఉండాలి, దానికి ఈల వేలాడాలి. వసంతకాలంలో ఎండ చూసి మోసపోకు, నీళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి. ఎదురుగాలిలోకి వెళ్లు, గాలివాటుగా తిరిగి రా. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే కష్టం పడాలి కదా.

లైసెన్స్ మరిచిపోకు. పదిహేడేళ్లు నిండిన వాళ్లకు కావాలి, చాలా లైసెన్సులు ఆగస్టు 31తో అయిపోతాయి. తెడ్డు పడవకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, చిన్న బ్యాటరీ మోటారు తగిలించినా అవసరమవుతుంది.

వచ్చేముందు పడవలోని నీళ్లు చుక్క లేకుండా వంచెయ్యి. జీబ్రా మసెల్ అనే చారల ఆల్చిప్ప 2009లో మీకు ఉత్తరాన లేక్ టెక్సోమాలో బయటపడింది. దాని పిల్లలు కంటికి ఆనవు, మిగిలిన నీళ్లతో ఇంకో లేక్‌కు చేరతాయి. అందుకే నీళ్లు వంచడం రాష్ట్రమంతా చట్టమైంది. అంటుకున్న నాచు కూడా దులుపు. మన గుర్రపుడెక్క తెలుసుగా, కొల్లేరును కప్పేసేది? దాన్ని ఇక్కడా నిషేధించారు, చిన్న ముక్క మోసుకెళ్లినా తప్పే.

ఆదివారానికి జవాబు ఇవ్వకు. వచ్చే శనివారం ఇటు రా. ఇక్కడ లేడీ బర్డ్ లేక్‌లో పెట్రోలు పడవలు తిరగవు, కొత్తవాళ్లకు మంచిది. నా పదడుగుల పడవను నీ కారు మీదికి నువ్వే ఎక్కించు. నేను చేతులు కట్టుకుని నిలబడతాను, అడిగినా పట్టను. ఎక్కిస్తే దాని కొలతలు రాసుకుని కొట్టుకెళ్లు. ఎక్కకపోతే ఇంకా చిన్నది వెతుకుదాం. జాకెట్ వేసుకున్న ఫొటో మీ అమ్మకు పంపే పని నాది.

ఇట్లు,
నీ మేనమామ

తా.క. వచ్చేటప్పుడు మూడు సంచుల సోనామసూరి తీసుకురా. పై అంతస్తు నుంచి నువ్వే దించు. నీకు సాధన, మాకు బియ్యం.