విత్తనం ఒక్కటే కాదు, నేల కూడా
ప్రోస్టేట్ క్యాన్సర్‌లో ఆధార కణాల పాత్ర



ప్రోస్టేట్ క్యాన్సర్ అని తెలిసిన తర్వాత కుటుంబసభ్యులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "గ్రంథి మూత్రాశయం కింద కదా ఉంది, జబ్బు నడుము ఎముకలోకి ఎలా వెళ్ళింది?" దీనికి జవాబులో సగం క్యాన్సర్ కణాల్లో ఉంది. మిగతా సగం వాటి చుట్టూ ఉండే కణాల్లో ఉంది.

ప్రోస్టేట్ గ్రంథి మగవారికి మాత్రమే ఉంటుంది. సుమారు పెద్ద ఉసిరికాయంత ఉండి, మూత్రనాళం చుట్టూ అమరి ఉంటుంది. దాని లోపల సన్నని గొట్టాల వంటి భాగాలు చాలా ఉంటాయి. వాటి లోపలి పొరలోని కణాలు వీర్యంలో కలిసే ద్రవాన్ని తయారుచేస్తాయి. క్యాన్సర్ సాధారణంగా మొదలయ్యేది ఈ పొర కణాల్లోనే. గొట్టాల మధ్య ఖాళీని నింపి, వాటిని పట్టి ఉంచేది ఆధార కణజాలం. డాక్టర్లు దీన్ని స్ట్రోమా అంటారు. ఇందులో కండర కణాలు, నారలాంటి పదార్థాన్ని తయారుచేసే ఫైబ్రోబ్లాస్టులు, రక్తనాళాలు, నరాలు, రోగనిరోధక కణాలు ఉంటాయి.

వయసుతో వచ్చే మామూలు ప్రోస్టేట్ వాపు క్యాన్సర్ కాదు. దానికి చాలామంది వాడే టామ్సులోసిన్ మందు పనిచేసేది ఈ ఆధార కండరాల మీదే. కండరం సడలుతుంది, మూత్రం సులువుగా వస్తుంది. గ్రంథి మాత్రం చిన్నది కాదు.

ఆధారం అనగానే పందిరికి గుంజల వంటిదని అనుకుంటాం. కాని గుంజలు పందిరితో మాట్లాడవు, ఈ కణాలు మాట్లాడతాయి. తల్లి గర్భంలో మగ శిశువుకు ఈ గ్రంథి ఏర్పడేటప్పుడు పురుష హార్మోను ముందుగా ఆధార కణాల మీద పనిచేస్తుంది. అవి పక్కనున్న పొర కణాలకు "మీరు ప్రోస్టేట్‌గా మారండి" అని రసాయన సంకేతాలు పంపుతాయి. అమెరికా శాస్త్రవేత్త జెరాల్డ్ కున్హా బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, పిండదశలోని ఆధార కణజాలాన్ని మూత్రాశయపు పొర కణాలతో కలిపి పెంచితే ఆ పొర ప్రోస్టేట్ కణజాలంగా మారింది!

అదే బృందం 1999లో ప్రచురించిన ప్రయోగం క్యాన్సర్ విషయంలో చాలా ముఖ్యమైనది. సగం దారి చెడి, ఇంకా కణితి కట్టని మానవ ప్రోస్టేట్ కణాలను తీసుకున్నారు. క్యాన్సర్ ఉన్న గ్రంథిలోని ఫైబ్రోబ్లాస్టులతో కలిపి ఎలుకల్లో పెంచితే అవి కణితులుగా పెరిగాయి. మామూలు గ్రంథిలోని ఫైబ్రోబ్లాస్టులతో కలిపితే అలా పెరగలేదు. అయితే పూర్తిగా ఆరోగ్యంగా ఉన్న పొర కణాలను ఆ చెడు పొరుగు కూడా కణితిగా మార్చలేకపోయింది. రెండూ కలిస్తేనే ప్రమాదం.

పొరుగు ఎందుకు చెడుతుంది? మనకు గాయమైనప్పుడు ఫైబ్రోబ్లాస్టులు చురుకై, నారను అల్లి, కొత్త రక్తనాళాలను పిలుస్తాయి. గాయం మానగానే శాంతిస్తాయి. క్యాన్సర్ దగ్గర ఆ శాంతి రాదు. కణితి మానని గాయం వంటిదని అమెరికా వైద్యుడు హెరాల్డ్ డ్వొరాక్ 1986లో వ్రాశారు. ప్రోస్టేట్‌లో మామూలు కండర కణాలు తగ్గి, గాయంలో ఉండే రకం కణాలు పెరుగుతాయి. అవి క్యాన్సర్‌కు ఎదుగుదల పదార్థాలు అందిస్తాయి, దారికి అడ్డుగా ఉన్న పొరలను కరిగిస్తాయి, రోగనిరోధక కణాలను మందగింపజేస్తాయి.

ఇప్పుడు ఎముక సంగతి. లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్ 1889లో రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన 735 మంది స్త్రీల వివరాలు పరిశీలించి, క్యాన్సర్ ఎక్కడ పడితే అక్కడ మొలకెత్తదని, విత్తనానికి తగిన నేల కావాలని చెప్పారు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు అటువంటి నేల ఎముక, ముఖ్యంగా కటి, వెన్నెముక. అక్కడికి చేరిన క్యాన్సర్ కణాలు ఎముకను కట్టే కణాలను రెచ్చగొడతాయి. బదులుగా ఎముక నుండి విడుదలయ్యే పదార్థాలు క్యాన్సర్‌ను పోషిస్తాయి. ఎక్స్‌రేలో ఆ చోట్లు సాధారణంగా తెల్లగా, గట్టిగా కనబడినా నిజానికి ఆ ఎముక బలహీనమే.

విత్తనం, నేల అనగానే మన సంఘాల్లో విత్తువాని ఉపమానం గుర్తుకొస్తుంది. అర్థం చేసుకోవడానికి మంచిదే. కాని అక్కడ నేల అంటే మనిషి హృదయం, ఇక్కడ నేల అంటే ఎముకలోని కణాలు, అంతే. పరామర్శకు వెళ్ళినవారు "విశ్వాసం తక్కువైంది", "ఏదో పాపఫలం" అని దయచేసి అనకండి. రోగికి అది రెండవ జబ్బు.

చికిత్స విషయానికి వస్తే, పురుష హార్మోను తగ్గిస్తే ఈ క్యాన్సర్ అణుగుతుందని చార్లెస్ హగిన్స్ 1941లో చూపించారు. 1966లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. నేటికీ ఇంజెక్షన్లతో గాని, వృషణాలు తీసివేసే చిన్న ఆపరేషన్‌తో గాని చేసేది అదే. పాకిన క్యాన్సర్‌లో హార్మోను చికిత్సకు లొంగని దశ వస్తే ఎముకను కాపాడటానికి జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ అనే మందులు ఇస్తారు. ఇవి ప్రధానంగా విత్తనం మీద కాదు, నేల మీద పనిచేసేవి. వీటిని మొదలుపెట్టే ముందు పళ్ళ డాక్టరుకు చూపించుకోవాలి, ఎందుకంటే దవడ ఎముక దెబ్బతినే ప్రమాదం కొంత ఉంది.

మరి గ్రంథిలోని చెడిన ఆధార కణాలనే చంపేయవచ్చు కదా? అంత తేలిక కాదు. వాటిలో కొన్ని క్యాన్సర్‌ను అదుపులో కూడా ఉంచుతాయి. వాటి కోసం పరిశోధనలు జరుగుతున్నాయి గాని, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు మామూలుగా వ్రాసే మందు ఏదీ లేదు. "శరీరాన్ని శుద్ధిచేసి క్యాన్సర్‌ను మాడ్చేస్తాం" అని పొడులు అమ్మేవారి మాట నమ్మి ఇంజెక్షన్లు ఆపవద్దు.

ముక్క పరీక్ష రిపోర్టులో గ్లీసన్ స్కోరు అని ఉంటుంది. నేడు క్యాన్సర్ ఉన్నవారికి అది సాధారణంగా 6 నుండి 10 వరకు ఉంటుంది. ఆధార కణజాలం మధ్య గొట్టాలు ఎంత విడివిడిగా, ఎంత క్రమంగా ఉన్నాయో చూసి వేసే లెక్క ఇది. గొట్టాలు కలిసిపోయి, రూపం చెదిరిన కొద్దీ అంకె పెరుగుతుంది. ఆ కాగితాన్ని పారేయకండి, వచ్చిన ప్రతిసారీ తీసుకురండి.

ఈ క్యాన్సర్ ఉన్నవారికి నడుములో గాని, వీపులో గాని కొత్త నొప్పి వచ్చి, పడుకున్నా తగ్గకపోతే వయసు నొప్పి అని నూనె రాసుకుంటూ కూర్చోవద్దు. కాళ్ళు బలహీనపడినా, తిమ్మిరెక్కినా, మూత్రం గాని మలం గాని అదుపు తప్పినా వెన్నుపాము నొక్కుకుపోతున్నదేమో చూడాలి. ఆదివారమైనా, అర్ధరాత్రయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. నడక పోకముందే చికిత్స మొదలుపెడితే దాన్ని నిలబెట్టే అవకాశం ఎక్కువ. పోయిన తర్వాత తిరిగి తేవడం కష్టం.