రెండు భాషలు - మెదడుకు రక్ష

‘ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు, పిల్లవాని బుర్రకు ఇది భారం కాదా?’ అని కొందరు తల్లిదండ్రులు మమ్ము ప్రశ్నిస్తుంటారు. ఆ భయంతో ఒక భాషను ఇంటినుండి సాగనంపుతున్నవారూ ఉన్నారు. ఈ విషయమై శాస్త్రం చెప్పేదేమిటో పరిశీలిద్దాము.

నవజాత శిశువు మెదడు పెద్దవారి మెదడులో దాదాపు నాలుగవ వంతు మాత్రమే. తొలి సంవత్సరాలలో నాడీకణాల మధ్య అసంఖ్యాకమైన సంబంధాలు ఏర్పడతాయి. వాడుకలో ఉన్నవి బలపడతాయి, లేనివి తొలగిపోతాయి. వార్ధక్యంలో మెదడు కొంత కుంచించుకొనడం సహజమే. కాని 1906లో జర్మన్ వైద్యుడు అల్జీమర్ వివరించిన వ్యాధి వంటివి సోకితే జ్ఞాపకం, మాట, వివేచన క్రమంగా క్షీణిస్తాయి. ఈ స్థితినే డిమెన్షియా అంటారు.

హైదరాబాదు నిమ్స్ వైద్యశాలలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం ఇట్టి 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఫలితాలను ప్రకటించింది. వారిలో 391 మంది రెండు లేక అంతకు మించిన భాషలు మాట్లాడేవారు. ఏకభాషీయుల కంటె వీరికి వ్యాధి లక్షణాలు సగటున 4.5 సంవత్సరాలు ఆలస్యంగా కనిపించాయి. అక్షరజ్ఞానం లేనివారిలోను ఈ భేదం కనబడింది. కనుక ఇది కేవలం చదువు ఫలం కాదని తెలుస్తున్నది.

ఇందుకు కారణమేమి? ద్విభాషీయుని మెదడులో రెండు భాషలూ మేలుకొనే ఉంటాయి. వించిపేటలో తల్లితో ఉర్దూ మాట్లాడిన విద్యార్థి, కాళేశ్వరరావు మార్కెట్టులో బేరమాడేటప్పుడు దానిని అదిమిపట్టి తెలుగును ఎంచుకొంటాడు. ఈ నిత్యవ్యాయామం మెదడుకు నిల్వశక్తిని చేకూరుస్తుందని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మన డెల్టాలో ఒక కాలువ పూడినా వేరొక కాలువ గుండా చేనుకు నీరందినట్లు, దెబ్బతిన్న మెదడు మరొక దారి వెదకుకొంటుంది.

అయితే భాషాజ్ఞానం వ్యాధిని రానీయని మందు కాదు. కొన్ని ఇతర దేశాల అధ్యయనాలలో ఈ లాభం కనబడలేదు కూడ. రక్తపోటును, మధుమేహాన్ని అదుపులో ఉంచుకొనడం, పొగాకు మానడం, నిత్యం నడవడం ఎంతైనా అవసరం.

మరొక్క మాట. డిమెన్షియా ముదిరినవారు ఒక్కొక్కప్పుడు తరువాత నేర్చిన భాషను మరచి, బాల్యంలోని భాషకే మరలుతారు. నానీమాకు ఉర్దూ మాత్రమే మిగిలిననాడు మనుమనికి ఆ భాష రాకపోతే ఆమెను పలకరించేదెవరు? విద్యార్థులారా! ఉర్దూను ఇంట నిలుపుకొనండి. తెలుగును శ్రద్ధగా అభ్యసించండి. ఈ రెండు భాషల బోధన మన కళాశాలలో చిరకాలం కొనసాగేటట్లు చూడవలసినదని కార్యవర్గానికి మా మనవి.